దేశం చెప్పారు, ఊరు చెప్పలేదు: మలావీ పోస్టింగ్ కోసం ఎదురుచూస్తున్న చెల్లెమ్మకి

చీపురుపల్లి నుంచి ఒక చెల్లెమ్మ అడిగిన ప్రశ్న ఇది. తను స్టాఫ్ నర్సు, నాలుగేళ్ళ అనుభవం ఉంది, విజయనగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేస్తోంది. రెండేళ్ళ వాలంటీరు పనికి విదేశానికి సెలెక్ట్ అయింది. లెటర్‌లో దేశం ఆఫ్రికాలోని మలావీ అని ఉంది కానీ ఊరి పేరు ఉండాల్సిన చోట 'తర్వాత తెలియజేస్తాం' అని రాశారట. ఐదు వారాలైంది. మెయిల్ పెడితే 'ప్రాసెస్‌లో ఉంది' అంటున్నారు. ఉన్న ఉద్యోగానికి రాజీనామా పెట్టాలా వద్దా, అమ్మకి ఏం చెప్పాలి, ఈలోగా ఏం చేసుకోవాలి అని అడిగింది.

మలావీ అన్న మాట చూసి ఆగలేకపోయాను. 2017 నుంచి 2019 దాకా నేను అక్కడే ఉన్నాను, వ్యవసాయం పని మీద. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, మందస మండలం. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టు.

ముందు రాజీనామా సంగతి తేల్చేద్దాం. పెట్టకు. ఏ ఊరు, ఏ తేదీన చేరాలి, ఇల్లు ఎవరిస్తారు, నెలకి ఎంతిస్తారు, ఈ నాలుగూ కాగితం మీదకి వచ్చి సంతకాలు పడేదాకా ఉన్న ఉద్యోగం వదలొద్దు. మీ ఆసుపత్రిలో నోటీసు పీరియడ్ నెలో రెండు నెలలో చూసుకుని, 'పోస్టింగ్ తెలిసిన రోజు నుంచి నాకు ఇన్ని రోజులు కావాలి, కాబట్టి ఫలానా తేదీలోగా చెప్పండి' అని ఈ రోజే మెయిల్ పెట్టు. ఇలా తేదీతో ముడిపెట్టి అడిగితే ఎవరో ఒకరు కూర్చుని జవాబు రాస్తారు, 'ఏమైందండీ' అని అడిగితే 'ప్రాసెస్‌లో ఉంది' అనే వస్తుంది. నాకు ఈ తెలివి లేక, లెటర్ చేతికి రాగానే ఉద్యోగం మానేసి మూడు నెలలు ఇంట్లో ఖాళీగా కూర్చున్నాను. ఎదురుపడిన ప్రతివాడూ 'ఇంకా ఎల్లలేదేటి' అని అడగడమే. చివరికి జీడితోటకి వెళ్ళాలన్నా ఊరి వెనకనుంచి తిరిగి వెళ్ళేవాణ్ణి.

నాకు మొదట లిలాంగ్వే అని చెప్పారు. రాజధాని కదా, ఇంట్లో అందరూ కుదుటపడ్డారు, మా మావయ్య అయితే గూగుల్‌లో అక్కడి షాపింగ్ మాల్ ఫొటో చూపించి మరీ అందరికీ చెప్పుకొచ్చాడు. నేను నెల రోజులు యూట్యూబ్ పెట్టుకుని చిచేవా భాష నేర్చుకున్నాను. 'ములి బ్వాంజి' అంటే ఎలా ఉన్నారు, 'జికోమో' అంటే థాంక్స్, ఇలా ఒక నోట్‌బుక్ నిండా రాసుకున్నాను. బయల్దేరే ముందు వారం మెయిల్ వచ్చింది, లిలాంగ్వే కాదు, ఉత్తరాన రుంఫి జిల్లా అని. లిలాంగ్వే నుంచి ఉత్తరాన పెద్ద ఊరు ముజూజు దాకా మూడొందల యాభై కిలోమీటర్ల పైన, అక్కడినుంచి ఇంకా పైకి. రుంఫిలో ఇళ్ళల్లో మాట్లాడుకునేది తుంబుకా. అక్కడ 'ములి ఉలి' అనాలి, థాంక్స్‌కి 'యెవో' అనాలి. బరంపురంలో తెలుగు నడిచినట్టు చిచేవా అక్కడా నడుస్తుందిలే, కానీ వాళ్ళ భాషలో రెండు ముక్కలు మాట్లాడితే ముఖంలో వచ్చే వెలుగు చిచేవాకి రాదు. పైగా ఆఫ్రికా అంటే ఎండ అనుకుని ఒక్క స్వెట్టర్ కూడా పెట్టుకోలేదు. ఆ ఉత్తరపు కొండల్లో జూన్, జూలై రాత్రులు మన అరకులో డిసెంబరులా ఉంటాయి. దిగిన వారానికే ముజూజు బజారులో పాత బట్టల గుట్టలోంచి ఎవరో తెల్లవాళ్ళు వాడి వదిలేసిన కోటు కొనుక్కున్నాను. రెండేళ్ళూ అదే.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, వాళ్ళు ఊరు తెలిసి దాచిపెడుతున్నారని అనుకోకు. చాలాసార్లు పంపేవాళ్ళకే తెలీదు. అక్కడి ఆసుపత్రో, జిల్లా ఆఫీసో 'మాకు ఒక నర్సు కావాలి' అని అడుగుతుంది, వీళ్ళు మనిషిని వెతుకుతారు, మనిషి దొరికేసరికి అక్కడి పెద్ద డాక్టరు బదిలీ అయిపోతాడు, కొత్తాయన 'నాకు నర్సు వద్దు, ల్యాబ్ టెక్నీషియన్ కావాలి' అంటాడు. లేదా మనిషీ ఊరూ కుదిరాక ఇల్లు కుదరదు. నర్సుల విషయంలో ఇంకో మెలిక ఉంది. మన దగ్గర రిజిస్ట్రేషన్ ఉన్నంత మాత్రాన అక్కడ రోగిని ముట్టుకోవడానికి లేదు, మలావీ నర్సులు, మిడ్‌వైఫ్‌ల కౌన్సిల్‌లో విడిగా రిజిస్టర్ కావాలి. వర్క్ పర్మిట్ సరేసరి. నీ ఫైలు ఇప్పుడు ఎక్కడ ఆగిందో, ఊరి దగ్గరా, కౌన్సిల్ దగ్గరా, పర్మిట్ దగ్గరా, ఆ ముక్క విడిగా అడుగు. కౌన్సిల్ దగ్గర అయితే మన ఏపీ నర్సింగ్ కౌన్సిల్ నుంచి, నీ మీద ఫిర్యాదుల్లేవని ఇచ్చే గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ కావాలా అని కూడా అడిగి, కావాలంటే వెంటనే అప్లై చెయ్యి. అక్కడ ఆలస్యం సంగతి నీకు నేను చెప్పాలా.

అన్ని సంస్థలూ ఒకేలా ఉండవు. ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల పథకం ఉంది కదా, 1970లో ఏర్పాటైంది, దాని ఆఫీసు జర్మనీలోని బాన్ నగరంలో ఉంది, వాళ్ళయితే ప్రకటనలోనే డ్యూటీ స్టేషన్ ఏ ఊరో, కుటుంబాన్ని తీసుకెళ్ళొచ్చో లేదో రాసేస్తారు, నచ్చితేనే అప్లై చేస్తాం. అమెరికా వాళ్ళ పీస్ కోర్ దీనికి పూర్తిగా వేరే. అది అమెరికా పౌరులకే, 1961లో కెన్నెడీ పెట్టాడు, 1976 దాకా మన దేశానికి కూడా వాలంటీర్లు వచ్చేవాళ్ళు. రుంఫిలో నాకు పక్క ఊళ్ళో ఒక పీస్ కోర్ అమ్మాయి ఉండేది. వాళ్ళని ముందు దేశంలోకి దింపి, సుమారు మూడు నెలలు స్థానిక కుటుంబాల ఇళ్ళల్లో పెట్టి భాష నేర్పించి, ఆ శిక్షణ మధ్యలో ఎప్పుడో ఊళ్ళ పేర్లు చెప్తారట. ఆ అమ్మాయి బ్యాచ్‌కి ఎలా చెప్పారంటే, నేల మీద సుద్దతో దేశం మ్యాప్ గీసి, కళ్ళకి గంతలు కట్టి ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి వాళ్ళ వాళ్ళ జిల్లాలో నిలబెట్టి, అందరినీ ఒకేసారి గంతలు విప్పమన్నారట. సంక్రాంతి ముగ్గు మధ్యలో గొబ్బెమ్మల్ని పెట్టినట్టు నాకు తోచింది. పక్కన ఎవరూ లేరు, ఉత్తరాన తానొక్కతే నిలబడి ఉంది, మిగతావాళ్ళంతా దక్షిణాన గుంపుగా నవ్వుకుంటున్నారు, అక్కడే ఏడ్చేశానని చెప్పింది. రెండేళ్ళ తర్వాత ఆ ఊరు వదిలి వెళ్ళేటప్పుడు కూడా ఏడ్చింది, ఆ రెండో ఏడుపు నేను చూశాను.

అసలు ఊరి పేరు చూసి భయపడటం గురించి మన జిల్లాల వాళ్ళకి ఒకరు చెప్పాలా? శ్రీకాకుళం పోస్టింగ్ అంటే కృష్ణా, గుంటూరు వాళ్ళు ఎలా ముఖం పెడతారో చూశాం కదా. మా నాన్న స్నేహితుడొకాయన టీచరు, అటువైపు మనిషి, సీతంపేట ఏజెన్సీలో వేశారు. అప్పటికి అది శ్రీకాకుళం జిల్లాయే, 2022లో విడదీశాక పార్వతీపురం మన్యంలోకి పోయింది. పనిష్మెంట్ ట్రాన్స్‌ఫర్ అనే అనుకున్నాడట, పాలకొండ దాటాక బస్సులో కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడట. ఆయన పన్నెండేళ్ళు అక్కడే ఉండిపోయాడు, కూతురి పెళ్ళికి సవర గిరిజన పిల్లలు అనాసపండ్లు మోసుకొచ్చారు. అందుకని అన్ని ఊళ్ళూ మంచివే అని నేను అనను. అదే ఏజెన్సీలో ఇంకో మేష్టారు ఏడాది తిరక్కుండా జ్వరాలతో లీవు పెట్టి పోయాడు. ఆయనకి ఉండటానికి ఇల్లు లేదు, హెడ్‌మాస్టరుతో పడలేదు, మొదటాయనకి రెండూ కుదిరాయి, అంతే. ఊరి పేరు ఇద్దరికీ ఒకటే కదా.

కాబట్టి ఊరి పేరు వచ్చిన రోజున గూగుల్ మ్యాప్‌లో గంటల తరబడి పొలాల్నీ రేకు కప్పుల్నీ చూస్తూ కూర్చోకు, నేను చేసిన పని అదే. వాళ్ళకి తిరిగి మెయిల్ పెట్టి కొన్ని సంగతులు అడుగు. నాకంటే ముందు ఆ పనిలో ఎవరున్నారు, ఎందుకు వెళ్ళిపోయారు, వాళ్ళతో ఒకసారి ఫోన్‌లో మాట్లాడించగలరా. ఇది అన్నిటికంటే ముఖ్యం. పాత మనిషి నంబరు ఇవ్వడానికి నసిగారంటే అక్కడేదో ఉంది. ఇల్లు ఇప్పుడు ఖాళీగా ఉందా, అందులో ఇంకెవరైనా ఉన్నారా, నీళ్ళు కుళాయా బోరింగా, తలుపుకి తాళం పడుతుందా. నవ్వకు. నాకు 'ఇల్లు సిద్ధం' అని రాసి పంపారు, వెళ్ళేసరికి గోడలున్నాయి, తలుపు చట్రం ఉంది, తలుపు లేదు. పన్నెండు రోజులు ఒక గెస్ట్ హౌసులో సొంత డబ్బుతో ఉన్నాను, ఆ డబ్బు తిరిగి రావడానికి ఏడు నెలలు పట్టింది. ఇంకా, నా పైన ఎవరు, ఆయన ఆ ఊళ్ళోనే ఉంటాడా, రాజధానిలో కూర్చుని నెలకోసారి వస్తాడా. ఆడపిల్లవి కాబట్టి రాత్రి డ్యూటీ అయ్యాక ఇంటికి ఎంత దూరం నడవాలి, దారిలో ఎవరు తోడు, అదికూడా మొహమాటం లేకుండా అడుగు.

నీ పనిలో ఊరికంటే పెద్ద ప్రశ్న ఇంకొకటుంది, నిన్ను ఏ స్థాయి ఆసుపత్రిలో వేస్తున్నారన్నది. మలావీ మూడు రీజియన్లు, 28 జిల్లాలు. సెంట్రల్ ఆసుపత్రులు నాలుగు, బ్లాంటైర్, లిలాంగ్వే, జోంబా, ముజూజు. అవి మన విశాఖ కేజీహెచ్ లాంటివి అనుకో, రద్దీ విపరీతం కానీ చుట్టూ డాక్టర్లుంటారు, అడిగేవాళ్ళుంటారు. వాటి కింద జిల్లా ఆసుపత్రి, జిల్లా కేంద్రాన్ని అక్కడ 'బోమా' అంటారు, సాధారణంగా అది బోమాలోనే ఉంటుంది. దాని కింద హెల్త్ సెంటరు, మన పీహెచ్‌సీ. అక్కడ వేస్తే రాత్రిపూట కాన్పుకి వచ్చిన మనిషికి నువ్వే దిక్కు కావచ్చు, పై ఆసుపత్రికి పంపాలంటే అంబులెన్సు ఉండాలి, అంబులెన్సుకి డీజిల్ ఉండాలి, ఈమధ్య ఏళ్ళలో ఆ దేశంలో డీజిల్, పెట్రోలు కొరత తరచూ వస్తోంది. ఇవి కాక చర్చిల ఆసుపత్రులుంటాయి, 'చామ్' అనే సంఘం కింద, పల్లెల్లో చాలాచోట్ల అవే ఉంటాయి. నాకు చర్చి ఆసుపత్రులు చూశాక వాటి మీద మంచి అభిప్రాయమే కలిగింది, మందులు కాస్త నికరంగా ఉంటాయి, క్వార్టర్లుంటాయి, కాకపోతే అవి కొన్ని సేవలకి డబ్బు తీసుకుంటాయి, సర్కారువి ఉచితం. నాలుగేళ్ళూ నువ్వు ఏ వార్డులో చేశావో రాయలేదు. లేబర్ రూములో చెయ్యకపోతే, హెల్త్ సెంటరు అన్నారంటే ముందే చెప్పెయ్యి, మొహమాటపడి తల ఊపకు. 2022లో మొదలైన కలరా ఆ దేశ చరిత్రలోనే పెద్దది, 1,700 మందికి పైగా పోయారు. అలాంటి కాలంలో వాలంటీరు, స్టాఫు అన్న తేడా ఎవరూ చూడరు, అందరూ వార్డులోనే.

డబ్బు సంగతి ఒక్క ముక్కలో. నెలసరి అలవెన్సు డాలర్లలో లెక్క కడతారా, అక్కడి డబ్బు క్వాచాలో కడతారా అని అడుగు. 2023 నవంబరులో అక్కడి రిజర్వు బ్యాంకు క్వాచా విలువని తగ్గించేసరికి డాలరు ధర ఒక్కసారిగా 44 శాతం పెరిగింది. క్వాచాలో జీతం రాసుకున్నవాళ్ళ పరిస్థితి ఊహించుకో. క్వాచాలోనే ఇస్తామంటే ధరలు పెరిగినప్పుడు పెంచుతారా అన్నది కాగితం మీద ఉండాలి.

ఇక అమ్మ. మా అమ్మ అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది, 'ఊరి పేరే తెల్నోటికి ఏటికెల్తావురా బాబూ' అని. నిజానికి మన జిల్లాల్లో ఇళ్ళల్లోంచి మనుషులు దూరం పోవడం కొత్తేం కాదు, మత్స్యకారులు గుజరాత్ వెరావల్ దాకా పోతారు, పలాస, సోంపేట నుంచి మిలిటరీకి పోతారు, గల్ఫ్‌కి పోతారు. వాళ్ళ వెనక ఎప్పుడూ ఒక తెలిసినవాడు ఉంటాడు, 'ఫలానా వాడి తమ్ముడి దగ్గరకి' అని చెప్పుకోవచ్చు. నీకూ నాకూ ఆ ఫలానావాడు లేడు, అమ్మల దిగులంతా అక్కడే. అందుకే పాత వాలంటీరుతో ఫోన్ కుదిరితే స్పీకర్ పెట్టి అమ్మని పక్కన కూర్చోబెట్టు. మా అమ్మకి ధైర్యం చెప్పింది ఏంటో తెలుసా, అక్కడ ఎయిర్‌టెల్ ఉందని తెలియడం. సిమ్ము ఎర్రదే, పేరు అదే. 'మన ఎయిర్‌టెలే' అని వీధంతా చెప్పింది. టైము తేడా మూడున్నర గంటలు, అక్కడ రాత్రి ఎనిమిదంటే ఇక్కడ పదకొండున్నర, ఫోన్ వేళ ముందే ఖాయం చేసుకోండి, లేకపోతే అమ్మకి నిద్ర ఉండదు.

ఇందులో ఒక తమాషా కూడా జరిగింది, తమాషా అనకూడదేమో. రెండేళ్ళూ అమ్మ నాకేదో అవుతుందని భయపడింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. నేను రుంఫిలో క్షేమంగా, చల్లగా కూర్చుని ఉన్నాను, మా ఊళ్ళో కొబ్బరిచెట్లు వరసల వరసలుగా పడిపోయాయి. నాలుగు రోజులు ఇంటికి ఫోన్ కలవలేదు. ఐదో రోజు విశాఖలో ఉన్న మా చిన్నాన్న బండి మీద ఊరికి వెళ్ళి చూసొచ్చి చెప్పాడు, మనుషులు క్షేమం, పెంకులు లేచిపోయాయి, జీడితోట మిగల్లేదు అని. ఆ నాలుగు రోజులూ నా పక్కింటి తుంబుకా ముసలమ్మ పొద్దున్నే వచ్చి, ఏం మాట్లాడకుండా గుమ్మంలో కూర్చుని వెళ్ళేది. నువ్వు కూడా పోయే ముందు ఇంటి వైపు ఏర్పాటు ఒకటి చేసుకో, ఫోన్లు పనిచెయ్యనప్పుడు ఊరికి వెళ్ళి చూసి రాగలిగిన బంధువు ఒకరు, మధ్యలో ఎంత తొందరగా సెలవు మీద రావచ్చో, ఆ టికెట్టు ఎవరు పెట్టుకుంటారో సంస్థతో ముందే మాట్లాడి ఉంచుకో.

ఇంకో సంగతి. ఊరు చెప్పాక 'వద్దు' అనే హక్కు నీకుంది. సెలెక్ట్ చేశారు కదా, ఇప్పుడు కాదంటే బాగోదు అనుకుంటాం మనం, మొహమాటం మన రక్తంలో ఉంది. సంతకం పెట్టకముందు కాదనడం వాళ్ళకి చిన్న ఇబ్బంది, చేరి మూడు నెలలకి వెనక్కి రావడం వాళ్ళకీ నీకూ పెద్ద ఇబ్బంది. నా బ్యాచ్‌లో ఒకతను దక్షిణాన ఒక చోటు ఇస్తే, అతనికి ఆస్తమా, పొగాకు గోదాముల పక్కన ఇల్లు, కుదరదన్నాడు. నెల ఆలస్యమైంది, వేరే ఊరు ఇచ్చారు, చక్కగా చేసుకొచ్చాడు. కారణం చెప్పి కాదను, అంతే.

ఈ ఖాళీ రోజుల్లో చెయ్యగలిగినవి కొన్ని ఉన్నాయి. పాస్‌పోర్టు సేవా నుంచి పోలీసు క్లియరెన్సు తీసుకో. ఎల్లో ఫీవర్ టీకా వేయించుకో, విశాఖలో పోర్ట్ హెల్త్ ఆఫీసులో వేస్తారు, ముందు ఫోన్ చేసి రోజు కనుక్కుని వెళ్ళు. విమానాలు ఎక్కువగా ఆడిస్ అబాబా మీదుగానో నైరోబీ మీదుగానో ఉంటాయి, తిరిగొచ్చేటప్పుడు టీకా వేశాక ఇచ్చే పసుపు కార్డు లేక మన ఎయిర్‌పోర్టులో ఇబ్బంది పడినవాళ్ళున్నారు. టీకా వేసిన పది రోజులకి కార్డు చెల్లుబాటవుతుంది, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. మలేరియా గురించి నర్సుకి నేనేం చెప్తాను, దోమతెర మాత్రం తప్పదు. ప్లగ్గులు బ్రిటిష్ రకం, మూడు చదరపు పుల్లలు, రెండు అడాప్టర్లు పెట్టుకో. ఒక మంచి పవర్ బ్యాంకు, తలకి పెట్టుకునే లైటు ఒకటి కొనుక్కో. వాళ్ళ కరెంటులో చాలా భాగం షైర్ నది మీదే, 2017 చివర్లో నదిలో నీళ్ళు తగ్గినప్పుడు మేం రోజుల తరబడి కొవ్వొత్తులతో గడిపాం. భాష, ఊరు తెలిసేదాకా చిచేవాతోనే మొదలుపెట్టు, ఉత్తరం అన్నారంటే తుంబుకాకి మారిపో.

తిండికి బెంగ పెట్టుకోకు. వాళ్ళ న్సిమా మన చోడి సంకటి లాంటిదే, చోళ్ళకి బదులు తెల్ల మొక్కజొన్న పిండి. కందులు అక్కడ పండుతాయి, 'నండోలో' అంటారు, మన దేశం అక్కడినుంచి దిగుమతి చేసుకుంటుంది కూడా, అంటే మీ ఇంట్లో పప్పు ఒకప్పుడు మలావీలో మొక్క అయ్యుండొచ్చు. చింతపండు, ఇంగువ, ఆవపిండి పెట్టుకో. ఎండు మెత్తళ్ళు మాత్రం మోసుకెళ్ళకు, వాసనకి కస్టమ్స్ వాళ్ళతో గొడవ. అక్కడ సరస్సులో 'ఉసిపా' అని చిన్న చేప దొరుకుతుంది, ఎండబెట్టి బజారులో రాశులు పోసి అమ్ముతారు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కాస్త చింతపండు వేసి వండితే అమ్మ చేతి మెత్తళ్ళకీ దానికీ తేడా కనిపెట్టలేవు. ఊరి పేరు వచ్చాక రాయి, ఉత్తరాన అయితే ఎవరి దగ్గర మంచి ఉసిపా దొరుకుతుందో చెప్తాను.